షిట్జు కన్ను ఎర్రబడితే అది 'వేడి' కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న సోమవారం పొద్దున్న క్లినిక్ షట్టర్ ఇంకా పూర్తిగా ఎత్తనేలేదు, ఒక పెద్దావిడ తువ్వాలులో చుట్టిన షిట్జుని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కొడుకు బెంగళూరులో ముచ్చటపడి కొన్న కుక్క. ఉద్యోగం మారి వేరే దేశం వెళ్తూ అమ్మానాన్నల దగ్గర వదిలివెళ్ళాడు. ఇలాంటి షిట్జులు విజయవాడలో నాకు తెలిసే చాలా ఉన్నాయి.

"కొంచెం వేడి చేసిందండీ డాక్టర్ గారూ. కన్ను ఎర్రబడింది. ఐదు రోజుల్నుంచి చుక్కలు వేస్తున్నాం. మొదట తగ్గింది, మళ్ళీ వచ్చింది" అన్నారు.

తువ్వాలు తీసి చూశాను. ఎడమ కంటి నల్లగుడ్డు మీద నీలం కలిసిన తెల్లటి పొర, దాని మధ్యలో గుంట. "ఏం చుక్కలమ్మా?" అని అడిగితే చేతిసంచీలోంచి సీసా తీశారు. వాళ్ళాయనకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు రాసిచ్చినవి. మిగిలితే పారేయడం ఎందుకని ఫ్రిజ్ తలుపులో దాచారు.

ఆ సీసా చూడగానే మిగతా కథ నాకు అర్థమైపోయింది. ఏడాదిలో ఇలాంటి సీసాలు ఎన్ని చూస్తానో లెక్కపెట్టడం మానేశాను. అందుకే షిట్జుల గురించి ఉన్న అపోహల్లో మిగతావన్నీ తర్వాత, ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: కన్ను ఎర్రబడింది, నీరు కారుతోంది. వేడి చేసి ఉంటుంది, లేదా కలక. ఇంట్లో ఉన్న చుక్కలు వేస్తే తగ్గుతుంది. తింటోంది, ఆడుతోంది కాబట్టి కంగారు లేదు.

వాస్తవం: షిట్జు కన్ను ఎర్రబడితే, కాదని తేలేదాకా అది కార్నియా మీద, అంటే నల్లగుడ్డు మీద ఉండే అద్దంలాంటి పొర మీద, పుండే అనుకోండి. అంటే అల్సర్. కార్నియా మందం అర మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. అందులో పుండు పడి, సూక్ష్మజీవులు చేరితే ఆ పొర జిగురులా కరిగిపోవడం మొదలవుతుంది. పొద్దున్న చిన్న గీతలా ఉన్నది మర్నాడు సాయంత్రానికి కన్నుకి చిల్లు పడే దాకా వెళ్ళొచ్చు.

మరి చుక్కలు వేస్తే మొదట ఎందుకు తగ్గింది? శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. మెడికల్ షాపులో 'కంటి కలకకి' అని అడిగితే ఇచ్చే కొన్ని సీసాల్లోనూ యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ ఎరుపునీ వాపునీ తగ్గిస్తుంది. రెండు రోజులు కన్ను తేటగా కనబడుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అదే స్టెరాయిడ్ పుండు మానకుండా ఆపేస్తుంది, కార్నియా కరగడానికి దారి తెరుస్తుంది. పైకి తగ్గుతున్నట్టు, లోపల తవ్వుకుపోతున్నట్టు. మనుషులకి అదే మందు మంచి చేసింది నిజమే. అక్కడ పుండు లేదని చూశాకే ఇచ్చారు.

పెద్దాయన కూడా వెనకాలే ఆటోలో వచ్చారు. "నా చుక్కలే కదండీ, నాకేం కాలేదే" అని రెండుసార్లు అడిగారు. ఆయన్ని తప్పుపట్టడానికి నోరు రాలేదు. ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక సాయంత్రం జనం ఎక్కువగా ఉన్నారు, పుండు ఉందో లేదో చూసే రంగు కాగితాలు, కంటి డై స్ట్రిప్పులు, అయిపోయాయి. ఒక షిట్జు ఎర్రకన్నుతో వచ్చింది. పైపైన చూసి స్టెరాయిడ్ కలిసిన చుక్కలే రాసిచ్చాను. నాలుగో రోజున తిరిగొచ్చేసరికి లోపలి పొర బుడగలా బయటికి ఉబికి ఉంది. నాకంటే సీనియర్ ఒకరు ఆపరేషన్ చేసి కన్ను నిలబెట్టారు. తెల్ల మచ్చ మాత్రం ఆ కుక్క బతికినన్నాళ్ళూ ఉండిపోయింది, అది వ్యాక్సిన్‌కి వచ్చిన ప్రతిసారీ ఆ మచ్చ వంకే చూసేవాణ్ణి. అప్పట్నుంచి సొరుగులో స్ట్రిప్పులు లేకపోతే కంటి కేసు ముట్టుకోను.

ఆ పరీక్ష పెద్ద పనేం కాదు. నారింజ రంగు కాగితపు ముక్కని ఒక చుక్క సెలైన్‌తో తడిపి కంటికి తాకిస్తాం. పుండు ఉంటే అక్కడ రంగు అంటుకుని, నీలం లైటులో ఆకుపచ్చగా మెరుస్తుంది. అయిదు నిమిషాలు పట్టదు. పైపైన ఉన్న పుండైతే సరైన చుక్కలతో వారంలోపే మానిపోతుంది. కరగడం మొదలైన కేసుల్లో ఆ కుక్క రక్తంలోంచే సీరం తీసి, రోజంతా గంటకోసారి చుక్కలుగా వేయిస్తాం. రాత్రుళ్ళు అలారం పెట్టుకుని లేచి వేసిన వాళ్ళున్నారు. అందుకే మొదటి రోజే రమ్మని నెత్తీ నోరూ బాదుకునేది.

ఈ జాతికే ఎందుకింత? ఎత్తు పది అంగుళాలు, బరువు నాలుగు నుంచి ఏడు కిలోలు. అంత చిన్న మొహంలో అంత పెద్ద కళ్ళు, వాటిని పట్టుకోవాల్సిన ఎముక గూడు చూస్తే లోతు తక్కువ. కళ్ళు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. చాలావాటికి నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడవు. "మా వాడు కళ్ళు తెరుచుకుని పడుకుంటాడండీ" అని ముద్దుగా వీడియోలు పంపుతారు. ఆ తెరిచి ఉన్న సందులో కార్నియా ఆరిపోతుంది. ఇక ముక్కు మీద వెంట్రుకలు పైకి పెరిగి మొహం చామంతి పువ్వులా విచ్చుకుంటుంది. ఈ జాతికి చామంతి మొహం అని పేరే ఉంది. ఆ రేకులే కంట్లో గుచ్చుకుంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది వేరే ఉంది. మొహం నొక్కుకుపోయిన జాతుల్లో కార్నియాకి స్పర్శ తక్కువ. ఇంకో కుక్క అయితే పుండు పడ్డ గంటలోనే కన్ను మూసుకుని మూలకి చేరుతుంది. షిట్జు బంతి నోట కరుచుకుని మీ దగ్గరికే వస్తుంది. దాని స్వభావం కూడా తోడవుతుంది. చైనా రాజుల అంతఃపురంలో ఒళ్ళో కూర్చోడానికి పెంచిన కుక్క ఇది. వేట లేదు, కాపలా లేదు, మనిషిని అంటిపెట్టుకుని ఉండటమే దాని ఉద్యోగం. ఎత్తుకుంటే ఎత్తుకోనిస్తుంది, చుక్కలు వేస్తే వేయనిస్తుంది. ఇంత నెమ్మదస్తురాలు నొప్పి చెబుతుందని ఎదురుచూస్తే అది చెప్పేలోపు కన్ను పోతుంది.

కాబట్టి మీరే చూడాలి. ఒక కన్ను కాస్త చికిలిస్తోందా? ఒక వైపే నీరు కారుతోందా? మొహాన్ని సోఫాకీ చాపకీ రుద్దుతోందా? ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూస్తే నల్లగుడ్డు అద్దంలా మెరవాలి. మసకగా, నీలంగా, గుంటగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. రోజూ పొద్దున్నే పచ్చగా జిగురు పుసి కడుతుంటే అది కలక కాదు, చాలాసార్లు కన్నీరు తగ్గిపోయిన కన్ను. రెప్ప కింద కాగితం పెట్టి నిమిషంలో ఎంత తడిసిందో చూస్తాం, 15 మిల్లీమీటర్లు తడిస్తే సరిపోతుంది, 10 లోపుంటే అనుమానించాలి. ఆ జబ్బుకి చుక్కలు సాధారణంగా జీవితాంతం వేయాలి. కంటి కింద ఎప్పుడూ ఉండే గోధుమరంగు చార వేరు, అది కన్నీళ్ళలోని రంగు పదార్థం వల్ల వస్తుంది. దాని కోసం ఆన్‌లైన్‌లో పొడులు కొనే డబ్బు మిగుల్చుకోండి.

నందివర్ధనం పూలు పెట్టడం, ఆముదం రాయడం, తేనె వేయడం, ఎవరో చెప్పారని తల్లిపాలు వేయడం, అన్నీ చూశాను. ప్రేమతో చేసేవే. కానీ పుండు మీద ఇలాంటివి పడితే సూక్ష్మజీవులు చేరే ప్రమాదం ఉంది. డాక్టర్ దగ్గరికి చేరేదాకా చేయాల్సింది ఒక్కటే, మెడకి కోన్ (గరాటులాంటి పట్టీ) కట్టి రుద్దుకోకుండా ఆపడం. ఇంకో విషయం. షిట్జుని మెడ వెనక తోలు పట్టుకుని ఎత్తకండి, బెల్టు మెడకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. పెద్ద కుక్క ఒక్క పట్టు పట్టినా, మెడ తోలు గట్టిగా లాగినా కనుగుడ్డు రెప్పల బయటికి వచ్చేయొచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు, రెండు దీపావళులకి ఒకటైనా వస్తుంది, టపాసుల చప్పుడుకి పారిపోయి వీధికుక్కల మధ్య పడ్డది. అలా అయితే లోపలికి నెట్టకండి. సెలైన్‌తోనో శుభ్రమైన నీళ్ళతోనో తడిపిన గుడ్డ మూసి, ఆ తడి ఆరకుండా చూస్తూ పరుగున తీసుకురండి.

'షిట్జు కరవదు' అన్నదీ దీని తోక అపోహే. నెమ్మదైన కుక్క నిజమే. కానీ "ఈ మధ్య తల నిమిరితే గుర్రుమంటోందండీ, గారాబం ఎక్కువై పొగరెక్కింది" అని ట్రైనర్ నంబర్ అడిగిన ఇంట్లో ముందు కన్ను, చెవి, పళ్ళు చూడనివ్వమంటాను. ఒకాయన కుక్కని నెల రోజులు తిట్టి, వార్తాపత్రిక చుట్టి కొట్టాడు కూడా. కింది దవడలో చీముపట్టిన పన్ను ఉంది. అది తీసేశాక పొగరూ పోయింది. ఈ జాతిలో పళ్ళు ఇరుకు, పాచి త్వరగా పడుతుంది. మూడేళ్ళు దాటితే ఏటా నోరు తెరిచి చూపించుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

'ఇంట్లోనే ఉంటుంది, రేబిస్ టీకా ఎందుకు?' వద్దు, ఈ మాట నా దగ్గర అనకండి. గేటు ఒక్కసారి తెరిచి ఉంటే చాలు. మూడు నెలల వయసులో మొదటిది, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన తేదీకి ఏటా. జూలై 6న ప్రపంచ జూనోసిస్ డే నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, డబ్బు సాకు కూడా లేదు.

'ఫ్యాన్ వేశాం కదా' అంటారు. మనకి చెమట పడుతుంది కాబట్టి ఫ్యాన్ గాలి చల్లగా తగులుతుంది. కుక్క రొప్పి చల్లబడాలి, ఈ పొట్టి ముక్కుతో రొప్పడమే కష్టం. మే నెలలో పొద్దున్న ఏడు లోపు, లేదా చీకటి పడి రోడ్డు చల్లారాక నడిపించండి. నాలుక ముదురు ఎరుపెక్కి తూలుతుంటే ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేస్తూ తీసుకురండి. 'వేసవి కదా' అని చర్మం కనబడేలా గుండు కొట్టించడం మాత్రం అక్కర్లేదు, వేలెడు జుట్టు ఉంచండి. కంటి దగ్గర మరీ పొట్టిగా కత్తిరిస్తే మొలిచే మొనలు కంట్లో గుచ్చుకుంటాయి, పైకి దువ్వి పిలక వేస్తే మంచిది.

జుట్టు రాలదు కాబట్టి ఎలర్జీ రాదన్నది తప్పు, ఎలర్జీ లాలాజలంలోంచీ చర్మపు పొట్టులోంచీ కూడా వస్తుంది. 'ఇంపీరియల్', 'టీకప్' అని ఎక్కువ డబ్బు లాగేవాళ్ళ దగ్గర ఉండేది వేరే జాతేం కాదు, పుష్టి లేని చిన్న పిల్ల. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ముందు ఆడకుక్కకి ఒక్క కాన్పయినా అవ్వాలన్నది ఎవరు పుట్టించారో గానీ, గర్భసంచిలో చీము పట్టి అర్ధరాత్రి ఆపరేషన్ టేబుల్ మీదకి వచ్చే ఏడెనిమిదేళ్ళ కుక్కల్ని చూస్తే ఆ మాట అనరు. పెరుగన్నం ఒక్కటే పెడితే బతుకుతుంది కానీ బాగుండదు. ఉల్లిపాయ పడ్డ సాంబారు, ద్రాక్ష, కిస్‌మిస్ అసలే వద్దు. కాపలా సంగతా? దొంగ వస్తే టార్చి పట్టుకుంటుంది.

ఆ పెద్దావిడ షిట్జు కన్ను నిలబడలేదు. చిల్లు పడిపోయింది, నొప్పి తీరాలంటే తీసేయడమే దారి. "నేనే పోగొట్టానా డాక్టర్ గారూ" అని అడిగారు. ఐదు రోజులు తప్పకుండా, టైముకి, మూడు పూటలా చుక్కలు వేసిన మనిషికి ఏం చెప్పను. మందు తప్పమ్మా, మీరు కాదు అన్నాను. కుట్లు విప్పే రోజుకి ఒంటి కన్నుతోనే పెద్దాయన చెప్పు మోసుకొచ్చింది అది.

రెండో కన్ను మీద ఒక కన్నేసి ఉంచడానికి ప్రతి ఆదివారం టార్చి వేసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. తప్పకుండా పంపుతున్నారు. పోయినవారం ఫోటో అంతా మసక, కార్నియా మబ్బేసిందేమోనని గుండె జారి ఫోన్ చేశాను. కెమెరాని నాకిందట. తుడిచి మళ్ళీ పంపారు, నల్లగుడ్డు అద్దంలా ఉంది.