రేపటి ఇల్లు ఎటు పోయింది?

తెనాలి

చి॥ అన్వికి, చి॥ నిహాల్‌కి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్‌లో అన్వి అడిగిన దానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణే. ఇంతలో మీ నాన్నమ్మ ఫోన్ లాక్కుని "అన్నాలు తిన్నారా" అని మొదలుపెట్టింది. డిస్నీలాండ్‌లో కోట పక్కన, మొక్కల మధ్య ఆకుపచ్చ రంగేసిన సిమెంటు దిమ్మను చూపించి, ఇక్కడ ఒకప్పుడు భవిష్యత్తు ఇల్లు ఉండేదని మీ నాన్న చెప్పాడటగా. "భవిష్యత్తు ఇంకా రానేలేదు కదా తాతయ్యా, ఇల్లు అప్పుడే ఎందుకు పడగొట్టారు?" అని కదూ నీ ప్రశ్న! మంచి ప్రశ్నే. ఫోన్‌లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను.

డిస్నీలాండ్ తెరిచింది 1955లో. రెండేళ్ళకి, 1957 జూన్‌లో, అక్కడి టుమారోలాండ్ (రేపటి లోకం ఎలా ఉంటుందో చూపించే భాగం) వాకిట్లో ఈ ఇల్లు నిలబెట్టారు. డబ్బు మోన్‌శాంటో అనే రసాయనాల కంపెనీది. ఇంటి నమూనా ఎం.ఐ.టి. అనే అమెరికా సాంకేతిక విద్యాసంస్థ వాళ్ళది. 1986లో మనుషులు ఎలాంటి ఇంట్లో ఉంటారో చూపిస్తామన్నారు. గోడలు, నేల, పైకప్పు దాదాపు అంతా ప్లాస్టిక్కే. ఇళ్ళు కట్టేవాళ్ళు కర్రా ఇటుకా మానేసి తమ ప్లాస్టిక్ కొనాలని కంపెనీ ఆశ. అందులో తప్పేం లేదు, అంగడి పెట్టినవాడు సరుకు పైకెత్తి చూపిస్తాడు.

ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలంటే ముందు మీకు కావడి తెలియాలి. నా చిన్నప్పుడు మా ఊళ్ళో మంచినీళ్ళు చెరువు నుంచి కావడి మీద వచ్చేవి. భుజం మీద వెదురు బద్ద, ఆ చివరో బిందె, ఈ చివరో బిందె, మధ్యలో మనిషి. రెండు పక్కలా బరువు సమానంగా ఉంటే ఒక్క భుజమే అంతా మోస్తుంది. ఇప్పుడు అదే మనిషి మీద ఇంకో కావడి అడ్డంగా పెట్టారనుకోండి, నాలుగు దిక్కులా నాలుగు బిందెలు. అదే ఆ ఇల్లు! మధ్యలో గట్టి దిమ్మ, దాని మీద నడుము లాంటి భాగం, అందులోంచి గదులున్న నాలుగు రెక్కలు నాలుగు వైపులా గాలిలోకి చాచుకుని ఉండేవి. వాటి కింద స్తంభాల్లేవు. మొత్తం 1,280 చదరపు అడుగులు, అంటే మన హైదరాబాదులో రెండు పడకగదుల ఫ్లాటంత.

మోసేవాడు నడుస్తాడు, ఇల్లు నడవదు కదా అని నిహాల్ అంటాడు. నిజమే, పోలిక అక్కడ కొంచెం కుంటుతుంది. అయినా దాన్ని వదలను, వెదురు సంగతి మిగిలే ఉంది. కావడి బద్ద నడకకి తగ్గట్టు వంగుతుంది, లేస్తుంది, విరగదు. ఒక ముక్క చీల్చి చూస్తే లోపల పొడుగ్గా నారలుంటాయి. ఆ ఇంటి ప్లాస్టిక్‌లోనూ నారలే, గాజు నారలు. గాజుని సన్నటి దారాల్లా తీసి, జిగురులాంటి ప్లాస్టిక్‌లో తడిపి, అచ్చులో పేర్చి గట్టిపడనిస్తారు. గాజుగ్లాసు కింద పడితే ముక్కలే, అదే గాజు నారగా మారి జిగురులో కూర్చుంటే వెదురైపోతుంది. ఈ విడ్డూరం నాకిప్పటికీ పాతబడలేదు.

లోపల ఏముండేవో వింటే మీకు నవ్వొస్తుంది, అవన్నీ మీ ఇంట్లో ఉన్నాయి. మైక్రోవేవ్, బటన్ల ఫోను, తలుపు దగ్గర ఎవరున్నారో బొమ్మలో చూపించే పరికరం, పళ్ళు తోమే కరెంటు బ్రష్షు. ఫ్రిజ్‌కి బదులు బటన్ నొక్కితే పైనుంచి దిగే చల్లటి అరలు (ఇవి మాత్రం ఎవరింటికీ రాలేదు). పిల్లల ఎత్తుకి దించుకునే వాష్‌బేసిన్ కూడా ఉండేది, అది పెట్టినవాణ్ణి మెచ్చుకోవాలి. కానీ ఒకటి గమనించారా? అంత దూరం ఆలోచించినవాళ్ళు కూడా ఆ వంటింట్లో అమ్మనే నిలబెట్టారు. బటన్లు మారాయి కానీ వాటిని నొక్కే చెయ్యి మారలేదు.

ఇంతకీ 1986 వచ్చేసరికి మా ఇంట్లో ఫోనే లేదు. మీ నాన్న పుట్టిన కబురు నాకు పోస్టాఫీసు వాళ్ళు మనిషి చేత పంపారు.

ప్లాస్టిక్ అంటే గుర్తొచ్చింది. మా ఇంటికి మొదటి ప్లాస్టిక్ బకెట్ వచ్చినప్పుడు, నీలం రంగుది, ఊరంతా వచ్చి ఎత్తి చూశారు, ఎంత తేలికో అని. వారం తిరక్కుండా అమ్మ దాన్ని పొయ్యి పక్కన పెట్టి మర్చిపోయింది. ఒక వైపు మూతి వంకర పోయింది. అయినా పదేళ్ళు వాడాం. అమ్మమ్మ మాత్రం తాకేది కాదు. "కుండ పగిలితే మట్టిలో కలుస్తుంది, ఇదెక్కడ కలుస్తుందిరా?" అనేది. అప్పుడు నవ్వాం. ఇప్పుడు మన ఊరి కాలవ గట్టు మీద నడుస్తుంటే ఆ మాట ఊరికే గుర్తొస్తుంది. మీరు నీళ్ళ సీసా ఇంటి నుంచే పట్టుకెళ్ళండమ్మా, చాదస్తం అనుకోకుండా.

సరే, పడగొట్టిన కథ. పదేళ్ళలో 2 కోట్ల మందికి పైగా ఆ ఇల్లు చూశారు. 1967 వచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టుకునే మైక్రోవేవ్ అమెరికా దుకాణాల్లోకి ఆ ఏడే వచ్చింది. రేపటిదని చూపించింది పక్క వీధిలో దొరుకుతుంటే చూడటానికి ఎవరొస్తారు? ఆ ఏడాదే దాన్ని మూసేశారమ్మా. ఒక్క రోజు పని అనుకుని క్రేనుకి పెద్ద ఇనుపగుండు కట్టి కొట్టారు. గుండు బంతిలా వెనక్కి వచ్చింది! మళ్ళీ కొట్టారు, మళ్ళీ అంతే. వెదురు చెప్పాను కదా. రంపాలూ పనిచెయ్యలేదు. చివరికి ఇనుప తాళ్ళు చుట్టి పిసికి పిసికి ముక్కలు చేశారు, రెండు వారాలు పట్టింది. దిమ్మకి బిగించిన ఉక్కు బోల్టులు తెగాయట కానీ ప్లాస్టిక్ తెగలేదట. పదేళ్ళ పాటు గొంతు చించుకుని చెప్పిన గట్టిదనం కూల్చేటప్పుడు కానీ రుజువు కాలేదు. అది చూడటానికి టికెట్ పెట్టి ఉంటే నేనైతే కొనేవాణ్ణి.

దిమ్మ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. కావడి పోయింది, మోసినవాడి పాదాలు మిగిలాయి. వాటికి ఆకుపచ్చ రంగేసి చుట్టూ మొక్కలు పెట్టారు, మీరు చూసింది అదే.

ఈసారి వెళ్ళినప్పుడు కోట వైపు పరిగెత్తే ముందు అక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ దిమ్మ ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎన్ని అడుగులుంటుందో నిహాల్ పక్క నుంచి నడిచి లెక్కపెట్టాలి. అన్వి రాసుకోవాలి. ఇంత చిన్న పాదాల మీద నాలుగు రెక్కల ఇల్లు ఎలా నిలిచిందో చూసి, ఆ లెక్క నాకు ఉత్తరంలో రాయండి. ఫోన్‌లో వద్దు, నాన్నమ్మ లాక్కుంటుంది.

మీ
తాతయ్య