న్యూట్రినో ద్రవ్యరాశి: లెక్క సున్నా దిగువకు జారడం ఇది మొదటిసారి కాదు

పదార్థాన్ని దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి తేలికైన కణం న్యూట్రినో. దాని ద్రవ్యరాశిపై పేచీ మళ్లీ రాజుకుంది. మూడు రకాల న్యూట్రినోల ద్రవ్యరాశీ కలిపినా 0.064 ఎలక్ట్రాన్ వోల్టులు (ఈవీ, కణాల ద్రవ్యరాశికి వాడే కొలమానం) మించదని 2025 మార్చిలో డెసీ గెలాక్సీ సర్వే లెక్కగట్టింది. ఒక రకం న్యూట్రినో మరో రకంగా మారడాన్ని గమనించే డోలన ప్రయోగాల ప్రకారం ఆ మొత్తం సుమారు 0.06 ఈవీ కన్నా తగ్గడానికి వీల్లేదు. పైగా ద్రవ్యరాశి ధనాత్మకమే కావాలన్న షరతు తీసేస్తే, విశ్వ గణాంకాలు సున్నా కిందికి మొగ్గుతున్నాయి.

న్యూట్రినో ఉండాలన్న పౌలీ ఊహ, దాని డోలనాన్ని పట్టుకున్న జపాన్ ప్రయోగం సూపర్ కమియోకాండే, ఆ డోలనాలకు దక్కిన 2015 నోబెల్ చాలామంది విన్నవే. ఈనాటి తగువు అర్థం కావాలంటే చూడాల్సింది అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల 1991 నాటి ఫలితం.

ట్రిటియం అంటే రేడియోధార్మిక హైడ్రోజన్; అది క్షయమైనప్పుడు ఎలక్ట్రాన్, న్యూట్రినో శక్తిని పంచుకుంటూ వెలువడతాయి. ఆ ఎలక్ట్రాన్లకు గరిష్ఠ శక్తి సుమారు 18.6 కిలో ఈవీ. న్యూట్రినోకు ద్రవ్యరాశి ఉంటే ఎలక్ట్రాన్ల శక్తి వర్ణపటం కొస కొద్దిగా తెగుతుంది. ఆ కొసను కొలిస్తే వచ్చేది ద్రవ్యరాశి కాదు, దాని వర్గం (స్క్వేర్). కొలతలోని దోషం వల్ల అది మైనస్‌లోకీ పోవచ్చు.

1980లో మాస్కో బృందం 14 నుంచి 46 ఈవీ ద్రవ్యరాశి కనిపించిందని ప్రకటించింది. విశ్వంలో కనిపించని పదార్థానికి జవాబు దొరికిందని విశ్వశాస్త్రజ్ఞులు సంబరపడ్డారు. అయితే ఆ ట్రిటియం వాలీన్ అనే పెద్ద అణువులో ఉంది. క్షయం తర్వాత అణువులో ఎంత శక్తి చిక్కుకుపోతుందో నిక్కచ్చిగా చెప్పలేం. అందుకే లాస్ అలమోస్ బృందం ట్రిటియం వాయువునే వాడింది. 9.3 ఈవీ మించదని 1991లో తేల్చింది. మాస్కో వాదన వీగిపోయింది.

చిక్కు అక్కడే మొదలైంది. లాస్ అలమోస్ కొలతలో ద్రవ్యరాశి వర్గం విలువ మైనస్ 147 దగ్గర వచ్చింది. అమెరికాలోనే ఉన్న లివర్‌మోర్ ప్రయోగశాలలోనూ మైనస్, జర్మనీలోని మైన్జ్‌లోనూ మైనస్. రుణాత్మక ద్రవ్యరాశి దొరికిందని ఎవరూ చాటలేదు. తమ పరికరాన్నే అనుమానించారు. గడ్డకట్టించిన ట్రిటియం పొర గరుకెక్కుతోందని, దాంతో ఎలక్ట్రాన్లు అదనపు శక్తి పోగొట్టుకుంటున్నాయని మైన్జ్ బృందం కనిపెట్టింది. పొరను 2 కెల్విన్‌ల కన్నా చల్లబరచగానే ఆ మొగ్గు పోయింది. లాస్ అలమోస్ చిక్కు విడడానికి ఇంకా చాలాకాలం పట్టింది: అణువుల (మాలిక్యూల్స్) గురించిన కొత్త సిద్ధాంతంతో 2015లో పాత గణాంకాలను తిరిగి లెక్కిస్తే మైనస్ మాయమైంది. పాతికేళ్లుగా తప్పు యంత్రానిది కాదు, లెక్కలో వాడిన ఊహది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో కీలకమైన మలుపు ఇదే.

జర్మనీలోని కార్ల్స్‌రూలో ఉన్న కాట్రిన్ ఈ పాఠాల మీద కట్టిన ట్రిటియం ప్రయోగం: మొత్తం పొడవు 70 మీటర్లు, అందులో ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే స్పెక్ట్రోమీటర్ వ్యాసం 10 మీటర్లు. 2025 ఏప్రిల్‌లో ప్రచురించిన పరిమితి 0.45 ఈవీ. ఇక్కడా వర్గం విలువ మైనస్ 0.14, కానీ అనిశ్చితి కూడా దాదాపు అంతే.

డెసీ శాస్త్రవేత్తలు తమ పరిమితి ఎన్నో రెట్లు పదునైనదంటారు, నిజమే. అయితే వాళ్లు తూచేది న్యూట్రినోను కాదు, గెలాక్సీల అమరికను. విశ్వ విస్తరణను వేగవంతం చేస్తుందనుకునే డార్క్ ఎనర్జీ కాలంతో మారుతుందని ఒప్పుకుంటే అదే పరిమితి 0.16 ఈవీ దాకా సడలుతుంది. అలా మారుతోందన్న సూచన ఇచ్చిందీ డెసీయే.

ప్రయోగశాల వైపు తర్వాతి అడుగు ప్రాజెక్ట్ 8. అణువుల బెడదే లేకుండా విడి ట్రిటియం పరమాణువులను బంధించి 0.04 ఈవీ దాకా చూడాలన్నది దాని లక్ష్యం.