రోజ్‌గార్ హమీ: వృత్తి పన్ను నుంచి కేంద్ర గ్రాంటు దాకా

ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ నడిచే గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా ఊళ్ల నుంచి మిరప ఏరే కాలంలో కూలీలు ప్రాణహిత, గోదావరి దాటి తెలంగాణ చేలకు వెళ్లడం కొత్త సంగతి కాదు. పేదలకు ఉన్న ఊళ్లోనే పని కల్పించే ఆలోచనకు, అంటే రోజ్‌గార్ హమీకి (ఉపాధి హామీకి), దేశంలో మొదట చట్టరూపమిచ్చిన రాష్ట్రం మహారాష్ట్రే అయినప్పుడు, ఆ రాష్ట్రపు చివరి తాలూకాలో వలస ఎందుకు ఆగలేదో తెలియాలంటే, ఈ పనులకు డబ్బు ఎవరు పెట్టారు, పని ఇవ్వకపోతే ఎవరికి నష్టం అన్న రెండు విషయాలను మొదటి నుంచి చూడాలి.

శాసనమండలి అధ్యక్షుడు వి.ఎస్. పాగే చొరవతో 1965లో సాంగ్లీ జిల్లా తాస్‌గావ్‌లో ఈ ప్రయోగం చిన్నగా మొదలైంది. తెలంగాణను ఆనుకునే ఉన్న యవత్మాల్ జిల్లాకు చెందిన వసంతరావ్ నాయక్ ముఖ్యమంత్రిగా ఉండగా 1972లో అది రాష్ట్ర పథకమైంది. అదే ఏడు వచ్చిన కరువు ఎంతటిదంటే, 1973 వేసవి నాటికి కరువు పనుల్లో దాదాపు 50 లక్షల మంది రాళ్లు కొడుతూ, చెరువులు తవ్వుతూ, రోడ్లు వేస్తూ ఉన్నారు.

ఆ తర్వాత జరిగిందే అసలైన మలుపు. 1975లో వృత్తి పన్ను విధించి, ఆ రాబడిని ఈ పథకానికే కేటాయించి, అంతే మొత్తం ఖజానా నుంచి జమచేసే ఏర్పాటు చేశారు. అంటే ముంబై ఉద్యోగి జీతంలోంచి కోసిన సొమ్ము మారుమూల ఊరి కూలీకి చేరే దారి పడింది. 1977లో ఆమోదం పొంది 1979 జనవరి 26 నుంచి అమలైన ఉపాధి హామీ చట్టం, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి చెల్లించాలంది. ఆ భృతి కనీసం రోజుకు ఒక్క రూపాయే అయినా, బాధ్యత ప్రభుత్వానిదని కాగితం మీదికి ఎక్కడం చిన్న విషయం కాదు.

గడ్చిరోలి అడవుల్లో మాత్రం అదే చట్టం కాళ్లీడ్చింది. కనీసం 50 మంది కూలీలుంటేనే పని తెరవాలన్న షరతు పాతిక గడపల గూడేలకు నప్పేది కాదు. పైగా 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం వచ్చాక, జిల్లాలో అధిక భాగం అడవే కావడంతో, రోడ్డుకో చెరువుకో అనుమతి రావడమే కష్టమైంది.

కేంద్రం 1980 నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా తెచ్చిన పథకాల్లో, 1989 నాటి జవహర్ రోజ్‌గార్ యోజనతో సహా, కేటాయింపు అయిపోతే పనీ అయిపోయేది. అడిగే హక్కు ఉండేది కాదు. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంతో ఆ హక్కు జాతీయమైంది. 2006 ఫిబ్రవరి 2న మొదలైన తొలి విడతలోనే గడ్చిరోలి, చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ ఉన్నాయి. ఇవతల ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్ కూడా ఉన్నాయి. నైపుణ్యం అక్కరలేని పని కూలి మొత్తాన్నీ, సామగ్రి ఖర్చులో ముప్పాతిక వంతునూ కేంద్రమే భరించింది. నిరుద్యోగ భృతిని మాత్రం రాష్ట్రంపై పెట్టారు. పని ఇవ్వకపోతే రాష్ట్రానికే నష్టం కాబట్టి పని దొరుకుతుందని చట్టం రాసినవారు అనుకున్నారు. కానీ భృతి అడగాలంటే, పని కావాలని దరఖాస్తు ఇచ్చినట్టు తేదీతో కూడిన రసీదు కూలీ చేతిలో ఉండాలి. తేదీ పడితే లెక్క మొదలవుతుంది కాబట్టి ఆ రసీదు ఇవ్వకుండా ఉండటమే కార్యాలయాలకు సులువైన దారి. మరాఠీ ఫారం చదవలేని తెలుగు కూలీ దాన్ని పట్టుబట్టి అడగడం మరీ అరుదు.

కూలి రేటును తప్పుపట్టి లాభం లేదు. 2025-26లో ఉపాధి పనికి మహారాష్ట్రలో రోజుకు 312 రూపాయలు, తెలంగాణలో 307. అయితే మిరప చేలో కూలి చేతికి రావడానికి బ్యాంకు ఖాతా, ఆధార్ అనుసంధానం అక్కర్లేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. అందులో పని దినాలు 100 నుంచి 125కు పెరిగాయి; విత్తే, కోసే కాలాల్లో 60 రోజుల వరకు పనులు ఆపవచ్చు; మహారాష్ట్ర వంటి రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం పెట్టుకోవాలి, కేంద్రం నిర్ణయించిన కేటాయింపు దాటితే ఆపై భారమంతా వాటిదే. ఈ అదనపు భారానికి మహారాష్ట్ర మళ్లీ వృత్తి పన్ను వైపే చూడవచ్చు గానీ, ఒక వ్యక్తి నుంచి ఏడాదికి 2,500 రూపాయలకు మించి వసూలు చేయరాదని 1988లో రాజ్యాంగ సవరణ పెట్టిన పరిమితి నేటికీ అలాగే ఉంది.