తాళం వేసిన పీడీఎఫ్, పనిచేసే లింకులు: అపోహలు - వాస్తవాలు

కోచింగ్ సెంటర్ల మెటీరియల్, సంఘాల సావనీర్లు, సొంతంగా ఈ-బుక్ తెచ్చుకునే రచయితల పుస్తకాలు... నా దగ్గరికి వచ్చే పనుల్లో ఎక్కువ ఇవే. డీటీపీ పూర్తయి, ప్రూఫులు దిద్దాక అందరూ అడిగేది దాదాపు ఒకటే. "పీడీఎఫ్‌కి లాక్ వేసివ్వండి. లింకు నొక్కితే తెరుచుకోవాలి. ఎవరూ కాపీ కొట్టకూడదు." మొదటి రెండూ లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పైసా ఖర్చు లేకుండా అయ్యే పనులే. మూడోది ఎన్ని డబ్బులు పోసినా పూర్తిగా అయ్యేది కాదు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలా అపోహలు పుడుతున్నాయి.

అపోహ: ఇవన్నీ కావాలంటే డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే

పీడీఎఫ్‌ని 1993లో తెచ్చింది అడోబీ కంపెనీయే. కానీ 2008లో అది ఐఎస్ఓ 32000 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ని అప్పటినుంచి ఎవరైనా ఆ ప్రమాణం చూసి రాసుకోవచ్చు. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో ఫైల్ మెనూకి వెళ్లి, 'ఎక్స్‌పోర్ట్ యాజ్'లో 'ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్' నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో జనరల్, లింక్స్, సెక్యూరిటీ అనే ట్యాబ్‌లు ఉంటాయి. మనకు కావాల్సిన సరంజామా అంతా ఆ మూడింట్లోనే ఉంది. కొందరు ఇవి చూడకుండా ఎవరి దగ్గరో పెన్‌డ్రైవ్‌లో దొరికిన క్రాక్ వెర్షన్ ఎక్కించుకుంటారు. ఫైలుకి తాళం వేయడానికి దొంగ సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవడం ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అపోహ: లాక్ వేస్తే లింకులు పోతాయి

పోవు. పీడీఎఫ్‌లో లింకు అంటే పేజీ మీద కంటికి కనబడకుండా పరిచిన ఒక దీర్ఘచతురస్రం, దానికి తగిలించిన ఒక చిరునామా. పాస్‌వర్డ్ పెట్టినప్పుడు మిగతా పాఠంతో పాటు ఆ చిరునామా కూడా గుప్తరూపంలోకి వెళ్తుంది. ఫైలు తెరవగానే పాఠంతో పాటే మామూలుగా బయటికి వస్తుంది. 'మార్పులు చేయరాదు' అని పెట్టినా ఇబ్బంది లేదు, లింకు నొక్కడం మార్పు కిందికి రాదు.

లింకులు పోయేది వేరే చోట. చాలామంది ప్రింట్ కొట్టి, ప్రింటర్ల జాబితాలో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకుంటారు. ఆ దారిలో వెళ్లేది కాగితం మీద పడే అచ్చు మాత్రమే. నీలం రంగు ఉంటుంది, కింద గీత ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే మాత్రం ఏమీ జరగదు. తర్వాత లాక్ వేస్తారు, అప్పుడు ఎవరో నొక్కి చూసి పనిచేయడం లేదంటారు, నింద లాక్ మీద పడుతుంది. ప్రింట్ కాదు, ఎక్స్‌పోర్ట్ చేయాలి. తొంభై శాతం ఫిర్యాదులు అక్కడితో తీరిపోతాయని నా అంచనా.

ఇంకోటి. మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఫైలు తెరవకముందు కనిపించే చిన్న బొమ్మ మీద నొక్కి 'లింకు రావట్లేదు' అనేవాళ్లూ ఉన్నారు. ఫైలుని పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి చూసి మాట్లాడాలి.

అపోహ: అడ్రస్ టైప్ చేసి నీలం రంగు వేస్తే అదే లింకు

దీనికి పుట్టినిల్లు అక్రోబాట్ రీడర్ లాంటి ప్రోగ్రాములే. వెబ్ అడ్రస్‌లా కనిపించే అక్షరాలు పేజీలో ఉంటే అవి తమంతట తామే లింకుగా మార్చి చూపిస్తాయి. మన కంప్యూటర్‌లో భేషుగ్గా పనిచేస్తుంది. చదివేవాళ్ల ఫోన్‌లో ఉన్న యాప్‌కి ఆ తెలివి లేకపోతే అది ఉత్త అక్షరాల వరసే. అడ్రస్ పొడవై రెండో లైన్లోకి విరిగితే మరీ అన్యాయం. మొదటి లైన్ ముక్క వరకే లింకు అవుతుంది, నొక్కితే 'పేజీ దొరకలేదు' అని వస్తుంది.

తెలుగు వికీపీడియా లింకులు ఇచ్చేవాళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. బ్రౌజర్‌లో తెలుగులో కనబడే అడ్రస్ కాపీ చేసి అతికిస్తే, ఒక్కో తెలుగు అక్షర సంకేతం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులు అవుతుంది. 'తెలుగు' అనే మాటలో తకారం, ఎత్వం, లకారం, కొమ్ము, గకారం, మళ్లీ కొమ్ము కలిపి ఆరు సంకేతాలు. అంటే యాభై నాలుగు గుర్తులు! పేజీలో మూడు లైన్ల చెత్తలా కనిపించేది అదే.

కాబట్టి 'పాత ప్రశ్నపత్రాలు' అని మామూలుగా రాసి, ఆ మాటల్ని సెలెక్ట్ చేసి, కంట్రోల్, కె కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో అడ్రస్ అతికించాలి. పుస్తకం అచ్చు కూడా వేస్తుంటే, కాగితం మీద చదివేవాళ్ల కోసం చిన్న అడ్రస్ ఒకటి అధోజ్ఞాపికగా ఇవ్వొచ్చు.

మీ కంప్యూటర్‌లోని మరో ఫైలుకి లింకు ఇచ్చారా? ఎక్స్‌పోర్ట్ చేశాక దాని మీద మౌస్ పెట్టి చూడండి. సి డ్రైవ్, యూజర్స్, మీ పేరు, డెస్క్‌టాప్, ఫోల్డర్ పేరు... ఇలా మొత్తం దారి కనిపించిందంటే ఆ లింకు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా పనిచేయదు. పైగా మీ ఫోల్డర్ల పేర్లు ఊరందరికీ తెలుస్తాయి. రెండు ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, లింక్స్ ట్యాబ్‌లో అడ్రస్‌లని ఫైల్ సిస్టమ్‌కి సాపేక్షంగా పంపమనే గడి టిక్ చేస్తే ఈ గొడవ ఉండదు. ఫోల్డర్‌ని మొత్తంగా పంపాలి, అంతే.

విషయసూచిక కూడా ఇంతే. చుక్కలు పెట్టి, పేజీ నంబర్లు చేత్తో కొడితే అది కదలదు, మెదలదు. అధ్యాయాల పేర్లకు హెడింగ్ స్టైల్ ఇచ్చి, విషయసూచికని ఇన్‌సర్ట్ మెనూ నుంచి పెట్టుకోవాలి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జనరల్ ట్యాబ్‌లో 'అవుట్‌లైన్స్' గడి టిక్ చేస్తే రీడర్‌లో ఒక పక్కన అధ్యాయాల జాబితా కూడా వస్తుంది. రెండొందల పేజీల పుస్తకాన్ని ఫోన్‌లో చదివేవాడికి అంతకంటే ఉపకారం లేదు.

అపోహ: ప్రింట్, కాపీ ఆపేశాం కాబట్టి ఇక భయం లేదు

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. సెక్యూరిటీ ట్యాబ్‌లో 'సెట్ పాస్‌వర్డ్స్' నొక్కితే రెండు పాస్‌వర్డ్‌లు అడుగుతుంది. ఒకటి ఫైలు తెరవడానికి, రెండోది అనుమతులకు. జనం ఎక్కువగా రెండోదే పెట్టి, మొదటిది ఖాళీగా వదిలేస్తారు. అంటే ఫైలు ఎవరైనా తెరవొచ్చు, ప్రింటు తీయకూడదు, కాపీ చేయకూడదు.

ఒక్క నిమిషం ఆలోచించండి. పాస్‌వర్డ్ అడగకుండా ఫైలు తెరుచుకుంటోందంటే, లోపలి పాఠాన్ని విప్పే తాళంచెవి కూడా ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ దొరుకుతోందన్నమాటే. విప్పేశాక 'ప్రింటు వద్దు, కాపీ వద్దు' అని లోపల రాసి ఉన్న సూచనల్ని పాటించాలా వద్దా అన్నది ఆ సాఫ్ట్‌వేర్ మర్యాద. గోడ మీద 'ఇచట నోటీసులు అంటించరాదు' అని రాయడం లాంటిది ఇది. అక్రోబాట్ రీడర్ పాటిస్తుంది. లినక్స్‌లో వాడే ఆక్యులర్ అనే పీడీఎఫ్ రీడర్‌లో ఆ ఆంక్షల్ని పాటించాలా వద్దా అనేదానికి సెట్టింగ్స్‌లో ఏకంగా ఒక టిక్ గడి ఉంది. క్యూపీడీఎఫ్ అనే ఉచిత ప్రోగ్రాం అయితే ఒక్క ఆదేశంతో, అనుమతుల పాస్‌వర్డ్ తెలియకుండానే, ఆంక్షలన్నీ తీసేసిన కొత్త ఫైలు ఇస్తుంది. ఇది రహస్యమేమీ కాదు.

అంతదాకా ఎందుకు, స్క్రీన్‌షాట్ ఉండనే ఉంది. బొమ్మలోని అక్షరాల్ని మళ్లీ పాఠంగా మార్చే టెసరాక్ట్ లాంటి ఉచిత ఓసీఆర్ ప్రోగ్రాం తెలుగునీ చదువుతుంది.

అలాగని ఇది బొత్తిగా పనికిరాదని నేను అనను. చెయ్యి తగిలి పేజీ చెరిగిపోకుండా, తెలియనివాళ్లు ఊరికే మార్చకుండా ఆపుతుంది. అడిగితే పెట్టిస్తాను, దీని విలువ ఎంతో ముందే చెప్పి మరీ పెట్టిస్తాను. ఒక్కటి మాత్రం బతిమాలుకుంటాను. కాపీ ఆపేసినా, దాని కిందే ఉండే 'యాక్సెసిబిలిటీ టూల్స్' గడి టిక్ తీయొద్దు. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వినేది దాని ద్వారానే. కాపీ కొట్టేవాడు ఎలాగూ కొడతాడు, నష్టపోయేది వాళ్లు.

నిజమైన తాళం మొదటి పాస్‌వర్డే. అది పెడితే పాఠం మొత్తం గుప్తరూపంలో ఉంటుంది, పాస్‌వర్డ్ లేనిదే అక్షరం కూడా బయటికి రాదు. కాకపోతే రెండు జాగ్రత్తలు. పాత లిబ్రే ఆఫీస్ వెర్షన్లు వాడేది ఆర్‌సీ4 అనే పాతకాలపు పద్ధతి. ముఖ్యమైన కాగితాలకు ఏఈఎస్ 256 అనే గట్టి పద్ధతి ఉండాలి. ఫైలు ఏ పద్ధతిలో ఉందో క్యూపీడీఎఫ్ చూపిస్తుంది, కావాలంటే 256తో మళ్లీ తాళం వేసిస్తుంది, లింకులు ఎక్కడివక్కడే ఉంటాయి. రెండోది పాస్‌వర్డ్ సంగతి. ఈ-ఆధార్ పీడీఎఫ్ అందరికీ తెలిసిందే: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ పేరు, వయసు తెలిసిన చుట్టాలందరి దగ్గరా ఆ తాళంచెవి ఉన్నట్టే. మీ సొంత ఫైళ్లకు ఆ సూత్రం వాడొద్దు. పొడుగ్గా, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో పెట్టండి. తెలుగులో పెట్టుకుంటే అవతలివాళ్ల కీబోర్డుతో ఒకటే టెన్షన్. తెరిచే పాస్‌వర్డ్, అనుమతుల పాస్‌వర్డ్ ఒకటే పెట్టడం కూడా దండగ, తెరిచినవాడికి అన్ని హక్కులూ ఇచ్చేసినట్టే. ఇక ఫైలు పంపిన వాట్సాప్ గ్రూపులోనే దాని కిందే పాస్‌వర్డ్ కొట్టేవాళ్లకు చేతులెత్తి దండం పెట్టడం తప్ప ఏం చేయగలం?

అపోహ: కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి, అంటే లాక్ బ్రహ్మాండంగా పడింది

ఇది మన తెలుగువాళ్లలో తరచూ కనిపించే అపోహ. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఆ గుర్తులే వస్తాయి. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లో చేసినా ఒక్కోసారి ఒత్తులూ గుణింతాలూ అటూ ఇటూ అవుతాయి. అది రక్షణ కాదు, లోపం. అదే ఫైలులో పేరు వెతికితే దొరకదు, స్క్రీన్ రీడర్ చదవలేదు, సెర్చ్‌లో రాదు. ఫాంటు సంగతికొస్తే, వాడిన అక్షరాల మేరకు లిబ్రే ఆఫీస్ దాన్ని పీడీఎఫ్‌లోనే పొదిగి పంపుతుంది కాబట్టి అవతల మండలి, సూరన్న లాంటి ఫాంట్లు లేకపోయినా పేజీ చెదరదు.

అపోహ: అన్ని గడులూ టిక్ చేస్తే మరింత భద్రం

'ఆర్కైవ్' పేరుతో ఉండే పీడీఎఫ్/ఏ గడి టిక్ చేయగానే పాస్‌వర్డ్ బటన్ పనిచేయడం మానేస్తుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని కంగారుపడి ఫోన్ చేస్తారు. దశాబ్దాల తర్వాత కూడా ఎవరైనా తెరవగలగాలన్నదే పీడీఎఫ్/ఏ ఉద్దేశం, అందుకే అందులో తాళాలు నిషిద్ధం. రెండింట్లో ఏదో ఒకటే. 'హైబ్రిడ్ పీడీఎఫ్' గడి ఇంకా ప్రమాదం: మళ్లీ దిద్దుకోగలిగే అసలు ఓడీఎఫ్ ఫైలు మొత్తం పీడీఎఫ్ కడుపులో కూర్చుని వెళ్తుంది. ఎవరూ మార్చకూడదని పీడీఎఫ్ చేసి, మార్చుకోవడానికి వీలైన ప్రతిని మనమే చేతిలో పెట్టినట్టు.

అపోహ: ఫోన్ నంబరు మీద నల్ల పెట్టె పెట్టేశాం, చాలు

చాలదు. పెట్టె కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ చేస్తే బయటికొస్తాయి. లిబ్రే ఆఫీస్ 6.3 వెర్షన్ నుంచి, అంటే 2019 నుంచి, టూల్స్ మెనూలో 'రిడాక్ట్' ఉంది. అది పేజీల్ని బొమ్మలుగా మార్చి నలుపు వేస్తుంది, కింద ఏమీ మిగలదు. లింకులు కూడా మిగలవు. ఆ ఖరీదు చెల్లించాల్సిందే.

అపోహ: ఆన్‌లైన్ సైట్‌లో లాక్ వేయడం సులువు కదా

సులువే. తాళం లేని మీ ఫైలు మొత్తాన్ని ముందు ముక్కూమొహం తెలియని సర్వర్‌కి అప్పగించి, అప్పుడు తాళం వేయించుకుంటారు. పెళ్లి శుభలేఖ అయితే పర్లేదు. బ్యాంకు కాగితాలకు వద్దు.

అపోహ: పాస్‌వర్డ్ మర్చిపోతే షాపులో తీసేస్తారు

అనుమతులది తీసేస్తారు, పైన చెప్పాను కదా. తెరిచే పాస్‌వర్డ్ గట్టిది పెట్టి మర్చిపోతే మేం కూడా చేసేదేమీ లేదు. ఊహించగలిగినవి ఒక్కొక్కటే కొట్టి చూడటమే. అందుకే పని అప్పగించేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు రైటర్‌లో దిద్దుకోగలిగే అసలు ఓడీటీ ఫైలు కూడా వేరే ఫోల్డర్‌లో ఇస్తాను. పీడీఎఫ్ పోయినా, పాస్‌వర్డ్ పోయినా, ఒక లింకు అడ్రస్ మారినా, దాన్ని తెరిచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే ఐదు నిమిషాల పని.