గొర్రెకు ఎక్కడ నొప్పో ఎట్లా తెలుస్తుంది?

అమ్మలూ లహరీ, అబ్బయ్యా చరణ్,

మీ ఇద్దరికీ తాత ఆశీస్సులు. ఇక్కడ వానలు బాగా పడ్డాయి, ఉదయగిరి కొండ వాలంతా పచ్చబడింది. మొన్న ఫోన్లో లహరి అడిగింది: "మనమైతే ఎక్కడ నొప్పో డాక్టరుకి చెప్తాం. గొర్రె చెప్పదు కదా తాతా, మరి పశువుల డాక్టరు చదువులో ఏం నేర్పిస్తారు?" ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

మన పక్కింటి మందలో ఈ వారం కొన్ని పిల్లలు పోయాయి. సాయంత్రం గంతులేసినవి తెల్లారేసరికి చచ్చి పడున్నాయి. చిక్కినవి కాదు, మందలోకెల్లా బొద్దుగా ఉన్నవే! దీన్ని చిటుకు రోగం అంటారు. ఇది అర్థం కావాలంటే ముందు గొర్రె కడుపు సంగతి తెలియాలి.

గొర్రె కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటిదైన పెద్దపొట్టను మీ నాయనమ్మ రాత్రిపూట మూతపెట్టే ఇడ్లీ పిండి గిన్నె అనుకోండి. పిండిని పులియబెట్టేది నాయనమ్మ కాదు, అందులోని కంటికి కనపడని సూక్ష్మజీవులు. గడ్డిని అరిగించేది కూడా పెద్దపొట్టలో కాపురముండే సూక్ష్మజీవులే. పిండి పులవాలంటే వెచ్చదనం కావాలి కదా. గొర్రె ఒళ్ళు ఎప్పుడూ 102, 103 డిగ్రీల ఫారెన్‌హీట్‌ వేడితో ఉంటుంది, మనకైతే అది జ్వరం. పిండి పులిస్తే గాలి పుడుతుంది. గొర్రె ఆ గాలిని త్రేన్పులుగా వదిలేస్తుంది, త్రేన్చలేకపోతే కడుపుబ్బి ఊపిరాడదు. నాయనమ్మ గరిటె పెట్టి కలుపుతుంది, పెద్దపొట్ట మాత్రం నిమిషానికి ఒకటి రెండుసార్లు తనే కదిలి కలుపుకుంటుంది. పెద్ద ఆవుకైతే ఆ గిన్నె వంద లీటర్లు దాటుతుంది!

ఎండుమేత తిన్న గొర్రె వాన పడగానే లేత పచ్చిక మీద పడితే పులియడం అదుపు తప్పుతుంది. సరిగ్గా పులవని మేత పేగుల్లోకి జారుతుంది. అక్కడ ముందునుంచే కొద్దిగా ఉండే క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా దాన్ని తిని విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. ఆబగా మేసేది బలమైన పిల్ల కాబట్టి ముందు పోయేదీ అదే.

డాక్టరు ఆ పిల్లను వెంటనే కోసి చూస్తే మూత్రపిండాలు గుజ్జుగా కనపడొచ్చు. అప్పుడు పేగుల్లోది లాబ్‌కు పంపి నిర్ధారించుకుంటారు. అసలు వానలకు ముందే టీకా వేయిస్తే ఇంత బాధ ఉండదు. అయితే చచ్చిన ప్రతి పశువునూ కోయకూడదు. ముక్కులోంచో నోట్లోంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే అది దొమ్మ రోగం కావచ్చు. కోస్తే ఆ క్రిమికి గాలి తగిలి గట్టి పెంకు కట్టుకుని, మట్టిలో దశాబ్దాల తరబడి బతుకుతుంది. మనుషులకూ అంటుతుంది. అందుకే చెవి దగ్గర ఒక్క నెత్తురు చుక్క తీసుకుని మైక్రోస్కోపులో చూస్తారు. చచ్చిన గొర్రె చవగ్గా వస్తుందని ఎవరైనా తెచ్చినా ముట్టుకోకండి.

ఈ చదువుకు ఇంటర్లో బైపీసీ తీసుకోవాలి. తర్వాత ఐదున్నరేళ్ళు, అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మనకు దగ్గర్లో తిరుపతి కాలేజీ ఉంది, 1955లో పెట్టారు. ఆవు, గొర్రె, గుర్రం, కుక్క, కోడి, ఒక్కోదాని ఒళ్ళు ఒక్కో తీరు, అన్నీ నేర్వాలి. ప్రపంచంలో మొదటి పశువైద్య కళాశాల 1761లో ఫ్రాన్సులోని లియాన్‌లో మొదలైంది. అప్పుడు యూరప్‌లో పశువులను ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెడుతున్న రోగం రిండర్‌పెస్ట్. అది భూమ్మీదే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తరిమేసిన రెండో రోగం అదే. "గొడ్ల డాక్టరే కదా" అని ఎవరైనా తేలిగ్గా అంటే ఈ మాట చెప్పండి.

నా చిన్నప్పుడు మా పెదనాన్న మందకు జబ్బు చేస్తే కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవాళ్ళు. ఆ అరుపులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఒకసారి డాక్టరు సైకిలు మీద వచ్చాడు. గొర్రెల కాళ్ళు పట్టుకోవడానికి నేను తయారుగా ఉన్నాను. ఆయన దొడ్లోకి పోనేలేదు. కంప బయటే చాలాసేపు నిలబడి చూశాడు. ఏది వెనకబడుతోంది, ఏది చెవులు వాల్చింది, ఏది నెమరు వేయడం మానింది అని. మనిషి దగ్గరికొస్తే గొర్రె బెదిరి, జబ్బున్నా లేనట్టే నిలబడుతుందని చెప్పాడు. లహరీ, నీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఆ రోజు చూసిందే.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరూ దొడ్డి బయట అట్లా నిలబడండి. తర్వాత మీ పెదనాన్న వాళ్ళ మచ్చిక గొర్రె ఎడమ డొక్క మీద, పక్కటెముకల వెనక, పిడికిలి మెల్లగా ఆనించి నిమిషంసేపు కదలకుండా ఉండండి. లోపలినుంచి పెద్దపొట్ట చేతిని నెడుతుంది. ఎన్నిసార్లు నెట్టిందో చరణ్ లెక్కపెట్టాలి, లహరి రాసుకోవాలి.

మీ తాత