కొబ్బరి పొట్టులో పాత అద్దెవాళ్లు

"కాల్షియం నైట్రేట్ వేస్తూనే ఉన్నానండీ. అయినా కాయల అడుగు నల్లబడుతోంది. పైగా కింది ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య పసుపు పడుతోంది. మట్టి కూడా కాదు, కొత్త కోకోపీట్. మరి ఈ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?"

కుండీల్లో టమాటా పెంచుతున్న ఒక మిత్రుడు రెండు ఫొటోలు జతచేసి పంపిన ప్రశ్న ఇది. కాయ అడుగున నల్ల మచ్చ అంటే కాయకు కాల్షియం అందలేదని. ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపు అంటే చాలా సార్లు మెగ్నీషియం కొరత. రెండు వేర్వేరు లోపాలు ఒకే మొక్కలో, అదీ రెండు పోషకాలనూ కొలిచి మరీ వేస్తున్న మనిషి దగ్గర. నాకు ఇలాంటి కేసులంటే మహా ఇష్టం. ఇందులో దొంగ బయటివాడు కాదు, ఆ కోకోపీటే, అంటే కొబ్బరి పొట్టే. టమాటా అనే కాదు, మిరప, కీరా, గులాబీ ఏది వేసినా కథ ఇదే. చట్టం ఒప్పుకున్న దేశాల్లో గంజాయి పెంచేవాళ్లు కూడా కోకోపీట్ బాగా వాడతారు. కాల్షియం, మెగ్నీషియం కలిపిన 'కాల్‌మ్యాగ్' సీసా లేకుండా వాళ్ల తోటలో పూట గడవదు. ఆ సీసా అవసరం ఎందుకొచ్చిందో వాళ్లలో కూడా చాలామంది అడగరు.

నత్రజని, భాస్వరం, పొటాషియం అంటే ఏమిటో ఇక్కడ చెప్పబోవడం లేదు. అది ఏ ఎరువు సంచి వెనకైనా ఉంటుంది.

కోకోపీట్‌ను 'జడ పదార్థం' అని అమ్ముతారు. అంటే తనంతట తాను ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు, ఊరికే వేళ్లను పట్టుకుని నిలబడుతుందని. గులకరాయి విషయంలో ఇది దాదాపు నిజం, కొబ్బరి పొట్టు విషయంలో మాత్రం పచ్చి అబద్ధం. పొట్టులో చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ చాలా ఎక్కువ. ఆ లిగ్నిన్ మీద అక్కడక్కడా రుణావేశం ఉన్న చోట్లు ఉంటాయి. ధనావేశం ఉన్న అయాన్ ఏది దగ్గరికొచ్చినా అక్కడ అతుక్కుంటుంది. పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియం అన్నీ ధనావేశం ఉన్నవే.

ఆ చోట్లను అద్దె పోర్షన్లు అనుకోండి. పొట్టు ఒక పెద్ద అద్దె సముదాయం. పొటాషియం, సోడియం ఒంటరి మనుషులు, ఒక్కొక్కరికి ఒక పోర్షన్ చాలు. కాల్షియం, మెగ్నీషియం మీద రెండేసి ఆవేశాలు ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటి రెండు పోర్షన్లు తీసుకునే సంసారులు. పోర్షన్ల మధ్య ఉన్న నీరు వీధి. మొక్క వేరు ఆ వీధిలో బుట్ట పట్టుకుని నిలబడి ఉంటుంది. వీధిలో కనబడిన వాళ్లే దానికి దొరుకుతారు.

కొత్త పొట్టులో ఎవరుంటారు? కొబ్బరి పీచులో పుట్టుకతోనే పొటాషియం దండిగా ఉంటుంది. చెట్టు పెరిగేది ఎక్కువగా సముద్రం పక్కన. పీచు తీయడానికి ముందు కాయల డొక్కల్ని చాలా చోట్ల ఉప్పు తగిలే నీళ్లలోనే నానబెడతారు. కాబట్టి పొట్టు మన దగ్గరికి వచ్చేసరికే పోర్షన్ల నిండా పొటాషియం, సోడియం కాపురం ఉంటాయి. ఇప్పుడు మీరు కాల్షియం పోస్తారు. రెండు ఆవేశాలున్న కాల్షియాన్ని పొట్టు గట్టిగా పట్టుకుంటుంది, ఇద్దరు పొటాషియం వాళ్లను ఖాళీ చేయించి దాన్ని లోపలికి తీసుకుంటుంది. అంటే మీరు వేరు కోసం పంపిన కాల్షియం వీధిలోంచి మాయమైంది, ఖాళీ చేసిన పొటాషియం వీధిన పడింది. వేరు దగ్గర కూడా పొటాషియం పోటీదారే, అది ఎక్కువైతే మెగ్నీషియం, కాల్షియం లోపలికి వెళ్లడం తగ్గుతుంది. మా మిత్రుడి ఫొటోల్లో రెండు లోపాలు జంటగా కనబడింది అందుకే. ఒకే తప్పుకు రెండు దెబ్బలు.

ఎంత కాల్షియం మాయమవుతుందో లెక్క వేద్దాం. మామూలుగా దొరికే 650 గ్రాముల ఇటుక ఒకటి తీసుకోండి, నానితే 8 లీటర్ల పైన పొట్టు అవుతుంది. పోర్షన్ల సంఖ్యను మిల్లీ ఈక్వివలెంట్లలో కొలుస్తారు. కొబ్బరి పొట్టుకు ఇది 100 గ్రాములకు సుమారు 40 నుంచి 100 దాకా ఉంటుంది. మనం 60 అనుకుందాం. మొత్తం 390. అందులో మూడో వంతు, అంటే 130, పొటాషియం ఆక్రమించిందనుకుందాం. ఒక మిల్లీ ఈక్వివలెంట్ పొటాషియం 39 మి.గ్రా., కాల్షియం 20 మి.గ్రా. కాబట్టి ఆ పొటాషియం మొత్తాన్ని ఖాళీ చేయించడానికి పట్టే కాల్షియం 2.6 గ్రాములు. లీటరుకు 150 మి.గ్రా. కాల్షియం ఉన్న మంచి పోషక ద్రావణం పోస్తున్నారంటే, 17 లీటర్ల ద్రావణంలోని కాల్షియం పూర్తిగా పొట్టుకే సరి. సోడియం సంగతి ఇంకా లెక్కలోకి రాలేదు. చిన్న మొక్కకు 17 లీటర్లంటే వారాల భోజనం.

"మరి నేను పొట్టును మూడుసార్లు కడిగాను కదా?" అని అడిగాడు మిత్రుడు. మంచి నీళ్లతో కడిగితే వీధి శుభ్రమవుతుంది, ఇళ్లలోని వాళ్లు కదలరు. వాళ్లు కదలాలంటే వాళ్ల చోట్లోకి ఇంకో ధనావేశం రావాలి. ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో విద్యుత్ వాహకతను బట్టి చెప్పేది) పెట్టి చూసి 0.4 వచ్చింది, శుభ్రంగా ఉంది అని సంబరపడతాం. ఆ మీటరు వీధిలో ఎంతమంది ఉన్నారో చెబుతుందే తప్ప, వాళ్లెవరో చెప్పదు, ఇళ్లలో ఎవరున్నారో అసలే చెప్పదు. ప్యాకెట్ మీద 'వాష్డ్' అని ఉంటే వీధి ఊడ్చారని. 'బఫర్డ్' అని ఉంటేనే ఇళ్లు ఖాళీ చేయించారని అర్థం.

ఈ సంగతి తెలిసి 170 ఏళ్లు దాటింది. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌కు చెందిన థాంప్సన్ అనే భూస్వామి మట్టి నింపిన గొట్టంలో అమ్మోనియం సల్ఫేట్ పోసి చూశాడు. కింద నుంచి అమ్మోనియం బదులు కాల్షియం సల్ఫేట్ దిగింది! పైన వేసింది ఒకటి, కింద వచ్చింది ఇంకొకటి. ఆ ముడిని జాన్ థామస్ వే అనే రసాయనవేత్త వరుసగా ప్రయోగాలు చేసి విప్పాడు, ఇద్దరి ఫలితాలూ 1850లో అచ్చయ్యాయి. బడిలో మనకు కూడా ఇది చెప్పారు. కాకపోతే 'నీటి కాఠిన్యం' అనే పాఠంలో చెప్పారు. సోడియం పట్టుకున్న రెజిన్ మీదుగా కఠిన జలం పోతే కాల్షియం లోపల ఉండిపోతుంది, సోడియం బయటికొస్తుంది అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. అదే పని కుండీలో జరుగుతుందని ఒక్క మాస్టారూ అనలేదు. కోకోపీట్ కూడా ఓ రకంగా వాటర్ సాఫ్ట్‌నరే. మీరు పోసిన కాల్షియాన్ని మింగి నీళ్లను 'మెత్తగా' చేసి వేరుకు ఇస్తోంది. (అన్నట్టు, ఇంట్లో సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లు మొక్కలకు పోయకండి, సోడియాన్ని చేతులారా పోసినట్టే.)

ఇక నాకు అన్నిటికన్నా ముచ్చటైన విషయం. "మధ్యమధ్యలో ఎరువు లేకుండా ఉత్త నీళ్లు పోయండి, మొక్కకు కాస్త విశ్రాంతి" అని తోటపని చేసేవాళ్లు చెబుతుంటారు. మట్టిలో అది పెద్దగా చెరుపు చేయదు. కోకోపీట్‌లో మాత్రం తంటా తెస్తుంది. ఎందుకో 1947లో స్కోఫీల్డ్ అనే మృత్తికా శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం చెబుతుంది. ఇళ్లలో అద్దెవాళ్ల నిల్వ పెద్దదిగా ఉన్నంతవరకు, వీధిలో పొటాషియం గాఢతను కాల్షియం గాఢత వర్గమూలంతో భాగిస్తే వచ్చే విలువ ఇంచుమించు మారదు.

వర్గమూలం చూసి పేజీ తిప్పేయకండి, మెలిక అంతా అక్కడే ఉంది. ద్రావణంలో లీటరుకు పొటాషియం 6, కాల్షియం 4 మిల్లీమోల్ ఉన్నాయనుకుందాం. మెగ్నీషియాన్ని కాసేపు పక్కన పెడదాం. నీళ్లు పోసి నాలుగు రెట్లు పలచన చేస్తే మామూలు లెక్కలో 1.5, 1 మిగలాలి. కానీ పొట్టు ఊరుకోదు. మొత్తం ఆవేశం నాలుగో వంతు కావాలి, స్కోఫీల్డ్ నిష్పత్తీ నిలబడాలి. రెండు షరతులనూ కలిపి సాధిస్తే పొటాషియం సుమారు 2.3, కాల్షియం సుమారు 0.6 వస్తుంది. మొదట కాల్షియానికి ఒకటిన్నర రెట్లున్న పొటాషియం ఇప్పుడు దాదాపు నాలుగు రెట్లయింది. మనం ఏ ఎరువూ వేయలేదు, ఉత్త నీళ్లే పోశాం.

పొట్టుకు ఆ బుద్ధి ఎందుకు పుట్టింది? ఒక కాల్షియం లోపలికి వెళ్తే ఇద్దరు పొటాషియం వాళ్లు బయటికొస్తారు. వీధి కిక్కిరిసి ఉన్నప్పుడు ఇద్దర్ని బయటికి పంపడం కష్టం. వీధి ఖాళీ అయితే ఇద్దరు హాయిగా తిరగడానికి బోలెడు చోటు. ద్రావణం పలచబడేకొద్దీ పొట్టు సంసారుల్నే లోపలికి లాక్కుంటుంది. చిక్కబడితే ఒంటరివాళ్లకు మళ్లీ ఇల్లు దొరుకుతుంది. సాఫ్ట్‌నర్ రెజిన్‌ను తిరిగి వాడుకోవడానికి గాఢమైన ఉప్పు నీళ్లు పోసేది ఈ ధైర్యంతోనే.

నా అద్దె ఇళ్ల పోలిక ఇక్కడికి వచ్చేసరికి కొంచెం కుంటుతుంది. ఈ అద్దెవాళ్లు ఏళ్ల తరబడి ఉండేవాళ్లు కాదు, క్షణంలో ఎన్నోసార్లు లోపలికీ బయటికీ మారుతూనే ఉంటారు. మనం చెప్పేదంతా సగటు లెక్క.

ఆకు చూసి లోపం చెప్పడంలో ఒకే ఒక్క ప్రశ్న ముఖ్యం: ముదురాకా, లేతాకా? నత్రజని, పొటాషియం, మెగ్నీషియం కొరత పడితే మొక్క పాత ఆకుల్లోంచి తీసి చిగుళ్లకు పంపుకుంటుంది, కాబట్టి దెబ్బ కింద కనబడుతుంది. ఆకంతా ఒకేలా పాలిపోతే నత్రజని, అంచులు మాడితే పొటాషియం, ఈనెల మధ్య పసుపైతే మెగ్నీషియం. పత్రహరితం అణువు నడిమధ్య ఉండేది మెగ్నీషియమే. దాన్ని బయటపెట్టిన పనికి కూడా కలిపి విల్‌స్టేటర్‌కు 1915లో నోబెల్ వచ్చింది. కాల్షియం, ఇనుము అలా కదలవు, కాబట్టి దెబ్బ చిగురులో. ఇనుము విషయంలో ముందు పీహెచ్ చూడండి, 6.5 దాటితే ఇనుము ద్రావణంలో నిలవడం కష్టం. కోకోపీట్‌లో 5.8 నుంచి 6.2 మధ్య ఉంటే చాలు, టెన్షన్ అక్కర్లేదు.

కాల్షియంలో ఇంకో మెలిక ఉంది. అది నీటి ప్రవాహంతో పాటే పైకి పోతుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ఆకుల నుంచి, కాయ నుంచి కాదు. అందుకే ఆకులు నవనవలాడుతుంటే కాయ అడుగు కుళ్లుతుంది. ఒక రోజు కుండీ ఎండబెట్టి మర్నాడు ముంచెత్తినా అదే మచ్చ పడుతుంది.

గుడ్డు పెంకులు నూరి వేయమని చెప్పేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. అది కాల్షియం కార్బొనేట్, ఈ పీహెచ్‌లో దాని కరుగుడు నత్తనడక. ఈ కాయలు కుళ్లి రాలిపోయాక ఎప్పటికో కరుగుతుంది. అరటి తొక్కల నీళ్లు మరీ అన్యాయం, వాటిలో ఉండేది ముఖ్యంగా పొటాషియం. వీధిలో ఇప్పటికే ఎక్కువైన వాళ్లకు ఇంకొందరు చుట్టాల్ని పిలిచినట్టు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) మెగ్నీషియం కొరతకు నిజమైన మందే. కానీ ప్రతి పసుపాకుకూ అదే వేస్తే మెగ్నీషియం కూడా కాల్షియానికి పోటీ అవుతుంది. కాల్షియం నైట్రేట్‌తో కలిపి చిక్కటి ద్రావణం చేస్తే డబ్బా అడుగున తెల్లటి జిప్సం (కాల్షియం సల్ఫేట్) పేరుకుంటుంది, కాల్షియం, గంధకం రెండూ నష్టం. రెండు డబ్బాల్లో విడివిడిగా ఉంచేది అందుకే.

మిత్రుడికి చెప్పింది ఇదీ. తర్వాతి ఇటుకను మొక్క పెట్టకముందే కాల్షియం నైట్రేట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. 19 శాతం కాల్షియం ఉన్న ఎరువైతే మన లెక్క ప్రకారం కనీసం 14 గ్రాములు. సమతాస్థితి కాబట్టి అంతటితో అందరూ ఖాళీ చేయరు, అంతకు రెట్టింపును రెండు విడతలుగా వాడితే మేలు. ప్రతి విడత తర్వాత ఆ నీళ్లు వంపేసి కడగాలి. లేకపోతే ఖాళీ చేయించిన వాళ్లు వీధిలోనే కూర్చుంటారు. ఇప్పుడున్న కుండీలకు ఉత్త నీళ్లు మానేసి, పొటాషియం తగ్గించిన ద్రావణాన్నే ప్రతిసారీ పోయాలి, పోసిన దాంట్లో 10 నుంచి 20 శాతం కింద నుంచి కారేలా. కారిన నీళ్ల ఈసీ, పోసిన దాని ఈసీ దగ్గరపడేదాకా చూడాలి. ఆకుల మీద 1 శాతం ఎప్సమ్ సాల్ట్ పిచికారీ.

మూడు వారాలకు మళ్లీ ఫొటో వచ్చింది. "కింది ఆకులు ఇంకా అలాగే ఉన్నాయండీ" అన్నాడు. మాడిన భాగం తిరిగి రాదు, కాయ మీద పడిన నల్ల మచ్చ మళ్లీ పోదు. ఆ పైన కొత్తగా కట్టిన గుత్తిని ఫొటో తీయమన్నాను. నాలుగు కాయలు, నాలుగింటి అడుగూ నున్నగా ఉంది.