మినీ ట్రాక్టర్ కొంటున్నారా? పనిముట్ల మీద అపోహలు, వాస్తవాలు

మా ట్రాక్టర్ రిపేరు షెడ్డు విశాఖ వైపు ఆనందపురం దగ్గర. తొలకరి ముందు కొత్త మినీ ట్రాక్టర్లు మెడలో బంతిపూల దండ వాడకముందే నా దగ్గరికి వచ్చేస్తాయి. లాగడం లేదనో, ముందు చక్రాలు లేస్తున్నాయనో, పనిముట్టుని లిఫ్టు ఎత్తడం లేదనో కంప్లైంటు. విప్పి చూస్తే చాలాసార్లు బండిలో లోపమే ఉండదు. బండికీ, వెనక తగిలించిన పనిముట్టుకీ ఈడూజోడూ కుదరలేదు, అంతే. ఏటా అవే మాటలు వింటున్నాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ముందు ట్రాక్టర్ కొనేద్దాం, పనిముట్లు తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: తిరగేసి ఆలోచించాలి. వరిమడి ఎంత, మెట్ట ఎంత, తోట ఎంత అని ముందు కాగితం మీద రాసుకోండి. పూలు, కూరగాయలు వేసేవాళ్లకి సాళ్ల మధ్య తిరిగే ఇరుకైన బండి కావాలి. పద్మనాభం వైపు పల్లపు మడుల్లో దమ్ము చేయాలంటే ఇనుప చక్రాలు బిగించే వీలుండాలి, ఇరుసులోకి బురద నీళ్లు దూరని సీళ్లుండాలి. అనకాపల్లి వైపు చెరకులో అంతరకృషికి సాళ్ల ఎడం నాలుగడుగులు ఉంటే బండి హాయిగా పోతుంది. మూడడుగుల ఎడంలో నాటేసి ఆ పనికోసమని ట్రాక్టర్ కొంటే అది ఇంటి ముందు నిలబడుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ మిగిలిన డబ్బు పాటల పెట్టెకీ స్టిక్కర్లకీ పోకుండా సరైన పనిముట్టుకి పోతే బాగుంటుంది. పైన పందిరి మాత్రం వేయించుకోండి, మన ఎండలకి అది సోకు కాదు.

అపోహ: తిరిగే బ్లేళ్లతో మట్టిని పొడి చేసే రోటావేటర్ ఎంత వెడల్పుంటే పని అంత తొందరగా అవుతుంది.

వాస్తవం: నా షెడ్డుకి ఎక్కువ పని తెచ్చేది ఈ అపోహే. మొన్నో పెద్దాయన 24 హెచ్‌పీ బండి తెచ్చారు. "అయిదడుగులది తగిలించీ బాబూ, తిరుగుళ్లు తగ్గుతాయి" అన్నారు. "బాబాయ్, ముందు ఈ టేపు చివర పట్టుకోండి" అన్నాను. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిస్తే 43 అంగుళాలు వచ్చింది. రోటావేటర్ చేయాల్సింది ఆ టైరు జాడల్ని చెరిపేయడం. నాలుగడుగులది, అంటే 48 అంగుళాలది పెడితే రెండు వైపులా రెండున్నర అంగుళాల చొప్పున బయటికొస్తుంది. సరిగ్గా సరిపోతుంది. అయిదడుగులదైతే ఆ అదనపు అడుగు మట్టిని ఇంజనే మోయాలి.

ఇక్కడ హెచ్‌పీ సంగతి కూడా చెప్పాలి. బానెట్ మీద రాసింది ఇంజను బలం. రోటావేటర్‌ని తిప్పేది పీటీఓ బలం, అంటే పనిముట్టుని తిప్పడానికి బండి వెనక ఉండే షాఫ్టుకి అందే బలం. మధ్యలో గేర్లు తినేది పోగా ఇంజను బలంలో 80 నుంచి 90 శాతం దాకా మిగులుతుంది. 24 హెచ్‌పీ బండి వెనక షాఫ్టుకి చేరేది 20, 21 అనుకోండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే ఇంజను కూడా దానికి రాసిపెట్టిన వేగంలో ఉండాలి. బరువెక్కువై ఇంజను గొంతు తగ్గిందంటే బ్లేళ్ల వేగమూ పడిపోతుంది, మట్టి పొడి కాకుండా పెడ్డలు పెడ్డలుగా లేస్తుంది. అప్పుడు రెండోసారి తిప్పాలి. తిరుగుళ్లు ఎక్కడ తగ్గినట్టు?

సేల్స్ కుర్రాడి మాట మీదే ఆధారపడక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మీరు కొనే మోడల్ టెస్ట్ రిపోర్టు అడగండి. పీటీఓ బలం, లిఫ్టు సామర్థ్యం అందులో కొలిచి రాసి ఉంటాయి.

ఇంకో మాట. మన ఎర్ర నేలల్లో గులకరాళ్లున్న చోట చైన్‌తో తిరిగే రోటావేటర్ కంటే గేర్లతో తిరిగేది మేలు. ధర కాస్త ఎక్కువే, కానీ అదును మీద పని ఆగదు.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఎప్పుడూ వేసే ఉంచాలి, బండి బలంగా ఉంటుంది.

వాస్తవం: దమ్ములో, గెడ్డ దాటేటప్పుడు, వాలు దిగేటప్పుడు దానికి సాటి లేదు. వాలులో ఇంజను పట్టు ముందు చక్రాలకి కూడా అందుతుంది. చదునైన మెట్టలో గొర్రు లాగడానికీ, ట్రక్కు (వెనక తగిలించే ట్రాలీ) తోలడానికీ అయితే టూ వీల్ చాలు, ఆ తేడా డబ్బు మిగుల్చుకోండి.

ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటే ఒక పిసరు ఎక్కువ వేగంతో తిరిగేలా కంపెనీ వాళ్లే తయారు చేస్తారు. బురదలో ఆ తేడా జారిపోతుంది, తారు మీద జారదు. టైరే అరగాలి, లేదా గేర్ల మీద ఒత్తిడి పడాలి. భీమిలి రోడ్డు మీద రోజూ ఫోర్ వీల్ లివర్ దించకుండా తోలిన ఒకాయన ముందు టైర్లు ఏడాదికే నున్నగా అయిపోయాయి. తర్వాత ఎవరో చవగ్గా ఇచ్చారని వేరే సైజు టైర్లు వేయించారు. ముందు వెనక లెక్క పూర్తిగా తప్పింది. ఫోర్ వీల్ బండికి కంపెనీ రాసిన సైజు తప్ప మరోటి వేయకండి.

అపోహ: ముందు తగిలించే ఇనుప దిమ్మలు డబ్బు దండగ.

వాస్తవం: "ఇంత బుల్లి బండికి మళ్లీ బరువులేటి?" అని నవ్వుతారు. బుల్లి బండికే కావాలి. బండి బరువు 800 కిలోలనుకోండి. స్టీరింగ్ మాట వినాలంటే కనీసం అయిదో వంతు, అంటే 160 కిలోలు, ముందు చక్రాల మీద ఉండాలి. వెనక రెండున్నర క్వింటాళ్ల రోటావేటర్ ఎత్తి గట్టు ఎక్కించండి, ముందు భాగం ఎంత తేలికవుతుందో చేతికే తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పుతుంటే బండి తిన్నగా పోతోందంటే ముందు బరువు చాలలేదన్నమాట. మడిలోంచి గట్టు నిట్టనిలువుగా ఉంటే రివర్స్‌లో ఎక్కించండి.

వెనక ఉండే ఇనుప కమాను, అదే రోప్స్, బండి బోల్తా పడితే డ్రైవర్ నలిగిపోకుండా కాపాడుతుంది. మామిడి, జీడి తోటల్లో కొమ్మలకి తగులుతుందని పీకేయకండి, మడిచేది దొరుకుతుంది. నిలబెట్టినప్పుడు బెల్టు తప్పనిసరి. మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు.

అపోహ: లిఫ్టు 750 కిలోలు అని రాశారు కాబట్టి 750 కిలోలు ఎత్తుతుంది.

వాస్తవం: ఆ లెక్క బండి వెనక పనిముట్టుని తగిలించే చేతుల్లో కింది రెండింటి (కింది లింకుల) చివర్ల దగ్గరిది. బరువు వెనక్కి జరిగిన కొద్దీ సామర్థ్యం తగ్గుతుంది. తోటలకి మందు కొట్టే 400 లీటర్ల ట్యాంకు తీసుకోండి. నీళ్లే 400 కిలోలు, పైన ట్యాంకు, పంపు, ఫ్యాన్, ఫ్రేము. పైగా ఆ బరువు నడిమి భాగం లింకులకి ఓ రెండడుగులు వెనక ఉంటుంది. చిన్న బండికి చిన్న ట్యాంకు, లేదంటే చక్రాలున్న లాగుడు ట్యాంకు తీసుకోండి.

అపోహ: ఏ పనిముట్టయినా ఏ బండికైనా తగులుతుంది.

వాస్తవం: పెద్ద బండి పనిముట్టు పక్కింటి నుంచి తెచ్చుకునేటప్పుడు వచ్చే గొడవ ఇది. మినీ బండ్లకి సాధారణంగా కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19. పెద్ద వాటికి 28, 25. పిన్ను దొరక్క సన్న బోల్టు దూర్చితే లింకు బాల్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి తిరుగుతుంది. పనిముట్టు కొనే రోజునే ఒకసారి తగిలించి చూసుకోండి.

ఎత్తి దించే ట్రక్కు పెట్టే ఆలోచన ఉంటే హైడ్రాలిక్ నూనె బయటికి తీసుకునే అదనపు వాల్వు బండితోపాటే వేయించుకోండి. ఆ ట్రక్కుకి ఒక పైపు లైను చాలు, తిరగేసే నాగలికి రెండు కావాలి. చాలా బండ్లలో గేర్‌బాక్సు నూనే లిఫ్టుకీ నూనె. ట్రక్కు జాకీ అందులోంచే లాగుతుంది కాబట్టి మట్టం చూస్తూ ఉండాలి.

అపోహ: బండికీ పనిముట్టుకీ మధ్య తగిలించే పీటీఓ షాఫ్టు కంపెనీ నుంచి కొలతకే వస్తుంది. దాని మీద ప్లాస్టిక్ తొడుగు అనవసరం.

వాస్తవం: తొడుగు సంగతి ముందు. నిమిషానికి 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. పంచె అంచో, తువ్వాలో, చీర కొంగో తగిలితే చెయ్యి లివర్ దాకా వెళ్లేలోపే పది, పదిహేను చుట్లు చుట్టుకుపోతుంది. తొడుగు విరిగితే కొత్తది వేసేదాకా నేనైతే ఆ బండి షెడ్డు దాటనివ్వను. తిట్టుకున్నవాళ్లున్నారు.

ఇక పొడవు. షాఫ్టు ఒకదాంట్లో ఒకటి దూరే రెండు గొట్టాలు. అన్ని బండ్లకీ సరిపోవాలని పొడవుగా తయారు చేసి పంపుతారు, మన బండికి కోసుకోవాలి. ఇంజను ఆపి, పనిముట్టుని నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించి, రెండు కొసలు బాగా దగ్గరయ్యే చోటు పట్టుకోండి. అక్కడ ఇంకో అంగుళమైనా లోపలికి పోయే సందు ఉండాలి. బాగా సాగిన చోట మూడో వంతైనా ఒకదాంట్లో ఒకటి ఉండాలి. రెండు గొట్టాలూ, రెండు తొడుగులూ సమానంగా కోసి, అంచు అరగదీసి, గ్రీజు పెట్టాలి.

పోయిన సీజన్‌లో వచ్చిన ఒక కొత్త బండికి ఆ పని ఎవరూ చేయలేదు. మొదటి రోజే రోటావేటర్ ఎత్తేసరికి షాఫ్టు బిగుసుకుని గేర్‌బాక్సుని తన్నింది. బేరింగు, సీలు పోయాయి, నూనె మడిలో కలిసింది. కొలిస్తే షాఫ్టు రెండంగుళాలు ఎక్కువుంది. గేర్‌బాక్సు విప్పి బిగించడానికి రెండు రోజులు పట్టింది. షాఫ్టు కోయడానికి హాక్సా బ్లేడుతో పావుగంట.